పక్కింటి పప్పు

ఎనభై మూడు వేసవి. గోపాలపట్నంలో ఖాళీగా ఉన్న ఓ అద్దె ఇంటి ముందు మొగుడూ పెళ్లాలు నిలబడి మాట్లాడుకుంటున్నారు.

“ఇల్లు సూడమంటే పక్కింట్లో బోజనం సేసొచ్చావేటే?”

“పప్పు రుచి సూసేను మావా. నుయ్యి ఉప్పుదైతే పప్పు ఉడకదు. ఆళ్లది వెన్నలాగుంది. మనకి ఈ ఊరే.”

“పోర్టులో నా పనికి ఎంత దూరమో తెలుసా? మనిద్దరికీ ఆ పక్కనే ఓ గది సాలదా?”

“ఆవిడ మామిడికాయ ముక్కలూ ఎట్టింది. మళ్లీ మళ్లీ అడిగి తిన్నాను.”

“సిగ్గు లేదేటి నీకు?”

“ఆవిడేటీ అనుకోలేదు. ఎన్నో నెలని అడిగింది.”

“నువ్వేటన్నావ్?”

“మూడోదన్నాను.”

అతను రెండిళ్లకీ మధ్యనున్న నూతి దగ్గరికి వెళ్లాడు. చేదతో నీళ్లు తోడి, దోసిలి పట్టి తాగాడు.

“పోర్టుకి మొదటి బస్సు ఎన్నింటికో అడిగేవా?”