ఉల్లిపాయకు క్షమాపణ అక్కర్లేదన్న టీచరమ్మ

అక్కలారా, అన్నలారా, టీచరమ్మ చెల్లెలు గారూ, ముందు వరుసలో కూర్చున్న మేనేజరు గారూ,

షిఫ్టు దిగి బట్టలైనా మార్చుకోకుండా ఇంతమంది వచ్చారు. టీచరమ్మ ఇక లేదన్న మాట ఇంకా నోటికి రావడం లేదు. చెల్లెలు గారూ, మీ ఇంటికి దక్కాల్సిన మంగళవారాలన్నీ మీ అక్క మా ఇంగ్లీషు క్లాసుకే ఇచ్చేసింది. ఆ సంగతి మాకు తెలుసు.

నేను ఈ హోటల్లో గిన్నెలు తోమేవాణ్ణి. నా మాట గరుకుగా ఉంటుంది. సర్దుకోండి.

పెద్దవాళ్ళకు ఇంగ్లీషు ఎలా నేర్పుతారు? బాగున్నారా, థాంక్యూ, మళ్ళీ కలుద్దాం. అంతే కదా? ఈమె మన హోటల్ సామాను గదిలో గ్యాసు పొయ్యి పెట్టి, "నాచేత ఆమ్లెట్ వేయించండి చూద్దాం" అంది. పద్ధతి ఒక్కటే. మనం ఇంగ్లీషులో చెప్పాలి, ఆమె చెప్పింది చెప్పినట్టే చెయ్యాలి. మన తోటమాలి పెద్దాయన గుడ్డు పెనంలో వెయ్యమన్నాడు. పగలగొట్టమని చెప్పలేదు. ఆమె పెంకుతో సహా పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన తల పట్టుకున్నాడు, మేము పొట్టలు పట్టుకున్నాం.

నేల తుడిచే మన అక్క సంగతి చెప్పనా? సారీ, ప్లీజ్, మేడమ్, ఇన్ని దాటితేగానీ ఆమె నోట ఉల్లిపాయ వచ్చేది కాదు. టీచరమ్మ కత్తి కదల్లేదు. "ఉల్లిపాయకు నువ్వేం అన్యాయం చేశావమ్మా, క్షమాపణ అడుగుతున్నావు?" అంది. అందరం నవ్వాం. అక్క నవ్వలేదు. ఎందుకు నవ్వుతుంది? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఇంకొకరు చెప్పింది చెయ్యడమే తప్ప, చెయ్యమని ఒకరికి చెప్పిన నోరా అది? మనలో ఎవరి నోరు అలాంటిది? చివరికి "కట్" అంది. కత్తి కదిలింది. అక్క కళ్ళు తుడుచుకుని, ఘాటు అంది. మేము నమ్మినట్టే ఉన్నాం.

మన భాష రాని కొత్త వంటాయన మూకుడు అంటుకున్న రోజు గుర్తుందా? కంగారులో ఆయన నీళ్ళ బకెట్ ఎత్తాడు. మండే నూనెలో నీళ్ళు పోస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? వంటింట్లో అందరం వెనక్కి గెంతాం. ఈ అక్కే అంది: "స్టాప్. నో వాటర్. కవర్." ఆయన బకెట్ దించి మూత పెట్టాడు. అదిగో, వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. ముఖాన ఒక్క కాలిన మచ్చ లేదు.

అలాంటి క్లాసు తలుపుకి, ఆమె పోయిన మర్నాడే క్లాసు రద్దని కాగితం అంటించారు. విరిగిన కుర్చీలు పెట్టుకుంటారట. టీచరే లేనప్పుడు క్లాసెందుకని అడిగారట.

మేనేజరు గారూ, జవాబు వినండి. వచ్చే మంగళవారం క్లాసుంది. పొయ్యి దగ్గర అక్క నిలబడుతుంది. పది మాటలు వచ్చినవాళ్ళు పది నేర్పుతారు, ఒక్కటే వచ్చినవాళ్ళు ఆ ఒక్కటీ నేర్పుతారు. తాళం మారిస్తే మెట్ల మీద కూర్చుంటాం. పొయ్యి తీసేస్తే వట్టి చేతులతో చేసి చూపిస్తాం. ఇది బెదిరింపు కాదు. ముందుగా చెప్తున్నాం, అంతే.

ఇక లేవండి. నా మాట నచ్చినవాళ్ళూ, నచ్చనివాళ్ళూ, అందరూ. మూసుకుపోయిన మన గొంతులు తెరిపించిన మనిషి ఆమె. ఆమె కోసం ఒక్క నిమిషం, మనంతట మనమే మౌనంగా ఉందాం.