తీసేసినా తగ్గని డిస్కు

వదిన డాక్యుమెంటరీలు ఎడిట్ చేసుకునే కంప్యూటర్ నిండిపోయింది. ఇంట్లో కంప్యూటర్లు తెలిసినవాడిగా చలామణీ అవుతున్న మరిది పక్కగదిలో కూర్చుని, తన లాప్‌టాప్‌లోంచే దాన్ని బాగుచేస్తున్నాడు. వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది.

“మళ్ళీ చెప్పు. నిండిందా, నిండలేదా?”

“డిస్కునడిగితే నిండిందంటోంది వదినా. ఫైళ్ళన్నీ విడివిడిగా కూడితే మాత్రం పావు వంతు ఖాళీగా ఉండాలి.”

“రెండూ ఒకే డిస్కు గురించేనా?”

“అదేగా నా ఖర్మ. ఇలా కాదని సొంతంగా ఒక ప్రోగ్రాం కూడా రాశాను. అది మూడో లెక్క చెప్పింది.”

“నీ ప్రోగ్రాం కదా.”

“అనండి, అనండి. పడతాను.”

“మధ్యలో ఏమన్నా తీసేశావా?”

“తీసేశానంటే... చిన్న చిన్నవి.”

“చిన్న చిన్నవా?”

“ఒకటి కొంచెం పెద్దది. ఆ నేతపని పెద్దాయన ఇంటర్వ్యూ.”

“ఏంటీ?”

“రెండు ఫోల్డర్లలో ఉంది కదా, ఒకటి బ్యాకప్పే కదా అని ముందు ఒకటే తీశాను. రవ్వంత కూడా ఖాళీ కాలేదు.”

“అప్పుడు?”

“నా మాటకి విలువ లేదా అని పౌరుషం వచ్చింది. ఆ ఫైలు ఏ పేరుతో ఎక్కడున్నా సరే తీసెయ్ అని కంప్యూటర్‌తో అన్నాను.”

“అంటే బ్యాకప్ కూడా పోయిందా?”

“బ్యాకప్ అంటూ ఏదీ లేదు వదినా. అది పెట్టిన ఘనుణ్ణి నేనే. కాపీ చేస్తే చోటు పడుతుందని, ఉన్న ఫైలుకే ఇంకో పేరు తగిలించాను. ఫైలు ఒకటే, పేర్లు రెండు. అప్పుడు నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను.”

“ఆయన పోయి ఏడాది కూడా కాలేదు. ఆ మగ్గం ముందు మళ్ళీ ఎవర్ని కూర్చోబెట్టి మాట్లాడించమంటావ్? వాళ్ళమ్మాయికి మాటిచ్చాను నేను.”

“తెలుసు. తిట్టండి.”

“తిడితే వస్తుందా?”

“రాదు.”

“మరి ఆ ఏడుపు ఆపి చూడు. రెండు పేర్లూ తీసేశాక ఎంత ఖాళీ అయింది?”

“అదే చెప్తున్నా, ఏమీ కాలేదు. అంత పెద్ద ఫైలు పోయినా డిస్కు అలాగే... ఆగండి.”

“ఆగే ఉన్నాను.”

“లెక్కలో వచ్చే తేడా ఆ ఫైలంతే ఉంది. సరిగ్గా అంతే. నా తెలివి తెల్లారినట్టే ఉంది. పేరు తీసేసినా, ఏదో ఒక ప్రోగ్రాం దాన్ని తెరిచి పట్టుకుని ఉంటే ఫైలు పోదు వదినా. డిస్కు మీద అలాగే ఉంటుంది. వెనక్కి తీసుకోవచ్చు.”

“ఆ ప్రోగ్రాం మూసేస్తే?”

“అప్పుడు నిజంగానే పోతుంది. ఇందాక... ఇందాక మీ దగ్గర తెరిచినవన్నీ మూసెయ్యమని ఇక్కణ్ణించి అరిచాను కదా.”

“అరిచావు. సరేనన్నాను.”

“అన్నారు. మూసేశారా?”

“నీ మాట నేనెప్పుడు విన్నాను, ఇవాళ వినడానికి? పెద్దాయన ఇంకా తెరమీదే ఉన్నాడు, సగం మాటలో ఆపి వచ్చాను. లే, వచ్చి తియ్యి.”