‘బాగానే ఉంది’లో ఆ ‘నే’

సభకు అధ్యక్షత వహిస్తున్న మా కంపెనీ అధినేత్రి గారికి, వేదిక మీద కూర్చున్న పెద్దలకు, వేదిక మీద చోటు లేక కింద కూర్చున్న ఇంకా పెద్దలకు, కుర్చీలు చాలక గోడకి ఆనుకుని నిలబడ్డ, ఆటలకి బొమ్మలు గీసే విభాగం వాళ్ళకి, ముందు వరసలో కూర్చుని ‘తొందరగా ముగించండి’ అని అప్పుడే సైగ చేస్తున్న మా ఆవిడకి నమస్కారం. (నవ్వులు)

ఇందాకటి నుంచి వక్తలందరూ నన్ను పొగుడుతుంటే, ఇంత మంచివాడు వెళ్ళిపోతున్నాడే పాపం అని నాకే జాలేసింది. మా మార్కెటింగ్ అధికారి గారైతే నన్ను సంస్థకి మూలస్తంభం అన్నారు. స్తంభాన్ని పీకేశాక కప్పు సంగతేమిటో మాత్రం చెప్పలేదు. ఆ మిగిలిన ముక్క చెబుదామని లేచాను.

కొత్తగా చేరిన పిల్లలకి నేనిక్కడ ఏం చేసేవాణ్ణో సరిగ్గా తెలియదు. కాఫీ యంత్రం పక్క గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని తనలో తాను నవ్వుకునే ముసలాయన అని మాత్రం తెలుసు. నేను బళ్ళో నేర్చుకున్నది తక్కువ. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతూ, దిద్దాల్సినవీ అక్కర్లేనివీ అన్నీ చదివేసి నాలుగు ముక్కలు నేర్చుకున్నవాణ్ణి. ఆ అచ్చాఫీసు మూతపడ్డాక ఈ వీడియో గేముల కంపెనీ పెట్టిన పెద్దాయన, అంటే మన అధ్యక్షురాలి నాన్నగారు, ఆటల్లో తెర మీద వచ్చే మాటల్లో తప్పులు దిద్దడానికి నన్ను తీసుకొచ్చారు. కొన్నాళ్ళకి ఆటగాళ్ళు రాసి పంపే అభిప్రాయాలన్నీ నాకు అప్పగించి, ఇందులో తిట్లు తీసేసి విషయం చెప్పవయ్యా అన్నారు. తిట్లు తీసేస్తే విషయం మిగలదని మొదటి వారమే తెలిసిపోయింది. అందుకని తిట్లతో సహా ప్రతి సోమవారం ఇదే హాల్లో పైకి చదవడం మొదలుపెట్టాను. అదే నా ఉద్యోగం అయింది.

ఆ భాష అర్థం కావడానికి కొంత కాలం పట్టింది. ‘మీ చేతులు పడిపోను, రెండు రోజులు నిద్ర లేకుండా చేశారు కదరా’ అని ఎవరైనా రాస్తే అది ఆశీర్వచనం. ‘గ్రాఫిక్స్ అద్భుతం’ అని మొదలుపెడితే మాత్రం ఆ వెనకాల కర్ర ఉందని అర్థం. ఈ మధ్య వాళ్ళ మాటల్లో ఒకటే పల్లవి. ప్రచారంలో చూపించిన అడవి ఆటలో అడుగుపెట్టేసరికి నాలుగు మొక్కలైందంటారు. డబ్బిచ్చి కొన్నామనుకున్న ఆట, కంపెనీవాళ్ళ సర్వర్ ఆగిపోతే మాయమైపోతుందంటే అది కొనడమా, అద్దెకుండటమా అని అడుగుతారు. పాత గోడకి సున్నం కొట్టి కొత్త ఇల్లన్నట్టు, చిన్నప్పుడు ఆడిన ఆటనే రంగులు మార్చి మళ్ళీ అమ్ముతున్నారని వెక్కిరించి, తిట్టిన నోటితోనే అది ఎప్పుడు విడుదలో కూడా అడుగుతారు. (నవ్వులు) నవ్వకండి, మనం కూడా అంతే. మా ఆవిడ టీవీ సీరియల్ని రోజూ తిడుతుంది, రోజూ చూస్తుంది. అదిగో, మళ్ళీ సైగ చేస్తోంది, ఇది ముగించమని కాదు, ఇంటికి రా చెప్తానని.

ఏదో చెబుతూ ఎక్కడికో వచ్చాను. ఆ, పైకి చదవడం. ఒక తల్లి రాసిన మాట చదివాను ఒకసారి. ‘బిడ్డ ఏడిస్తే ఆగని ఆట నాకొద్దు, ఆట ఏడిస్తే ఆగే బిడ్డ మీకెవరికైనా ఉంటే చెప్పండి’ అని రాసిందావిడ. హాలంతా గొల్లుమంది. కానీ పెద్దాయన నవ్వలేదు. ఆ రోజే మన ఆటలన్నిటిలో, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకునే మీట పెట్టమని చెప్పారు. అదే మాట కాగితం మీద ‘ఆపే సౌకర్యం కోరినవారు: కొందరు’ అని వచ్చి ఉంటే ఆ మీట వచ్చేదంటారా?

ఇప్పుడు నా చోట్లోకి ఒక యంత్రం వస్తోంది. అభిప్రాయాలన్నీ తనే చదివి, ఎంతమందికి నచ్చింది, ఎంతమందికి నచ్చలేదు అని లెక్కగట్టి చెబుతుంది. దాని మీద నాకు పగ లేదు. మేమిద్దరం కొన్నాళ్ళు ఒకే గదిలో ఉన్నాం కూడా. నాకంటే చాలా వేగం, పైగా కాఫీ అడగదు. అయితే రాబోయే మన ఆట ‘ఏటికి ఎదురు’ని ముందుగా ఆడి చూసినవాళ్ళ అభిప్రాయాలు దానికి ఇచ్చినప్పుడు, దాదాపు అందరికీ నచ్చిందని తేల్చింది. మార్కెటింగ్ అధికారి గారు మిఠాయిలు పంచారు. నేనూ తిన్నాను. తిన్నాక గదిలోకి వెళ్ళి ఆ అభిప్రాయాలన్నీ నేనే చదివాను.

అందరూ రాసింది ఒకటే మాట. బాగానే ఉంది.

పెళ్ళయిన మగవాళ్ళకి నేను విడమరచి చెప్పక్కర్లేదు. కూర ఎలా ఉందని అడిగితే ‘బాగుంది’ అన్నవాడికి రెండోసారి వడ్డిస్తారు. ‘బాగానే ఉంది’ అన్నవాడు ఆ పూట నుంచి తన కంచం తనే కడుక్కుంటాడు. (నవ్వులు) ఆ ‘నే’ ఉంది చూశారూ, అది ఒక్క అక్షరమే గాని, దాని వెనక ఒక పెద్ద నిట్టూర్పు ఉంది. యంత్రానికి అది వినపడలేదు. దాని తప్పు కాదు, అది ఎవరింట్లోనూ భోజనం చెయ్యలేదు.

ఆ నిట్టూర్పు దేనికో తెలియనివాళ్ళు ఈ హాల్లో లేరు. వరదలో జనాన్ని ఒడ్డుకి చేరవేసే పడవవాడి కథ మన ఆట. అందరినీ దాటించాక చివర అతను తన ఇంటి రేవుకి తిరిగి వెళ్ళాలి. ఆ ఆఖరి రేవుని, అదిగో ఆ గోడ పక్కన నిలబడ్డ అమ్మాయి, ఏడాది పైగా కూర్చుని గీసింది. దాన్ని ఆటలోంచి కోసేసి, విడుదలయ్యాక విడిగా అమ్ముదామని నిర్ణయించారు. ఈ కాలంలో అందరూ అలాగే చేస్తున్నారని మార్కెటింగ్ అధికారి గారు అన్నారు. నిజమే, చేస్తున్నారు. ఆటగాళ్ళు అందరినీ కలిపే తిడుతున్నారు కూడా. ఆడి చూసినవాళ్ళలో ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ఒకావిడ ఉంది. ఆవిడ ‘బాగానే ఉంది’ దగ్గర ఆగలేదు. ‘ఇంతమందిని దాటించినవాణ్ణి ఏటి మధ్యలో వదిలేశారు, డ్యూటీ దిగి ఇంటికెళ్ళడానికి కూడా విడిగా టికెట్టు కొనాలా’ అని అడిగింది.

నేను ఇవాళ డ్యూటీ దిగుతున్నాను. ఈ సంగతి తేలకుండా ఈ మైకు మాత్రం దిగను. చేతి గడియారం బహుమతిగా ఇస్తున్నారని విన్నాను, సంతోషం. కానీ సోమవారం సోమవారం ఎవరో ఒకరు ఇక్కడ నిలబడి, లెక్క కాకుండా మాట చదవాలి. అది ఇస్తారా? ఇంకొకటి అధ్యక్షురాలు గారినే అడుగుతాను. అమ్మా, నువ్వు ఈ ఆఫీసు మెట్ల మీద కూర్చుని హోంవర్కు చేసుకున్న రోజుల నుంచి ఎరుగుదును, అందుకని గారూ గీరూ పక్కన పెడుతున్నాను. మొన్న నువ్వు కూడా ఆడావు కదా, కోసేశాక. ఆట ఎలా ఉంది?

(అధ్యక్షురాలు మైకు దగ్గరికి జరిగి, ‘బాగానే’ అని ఆగిపోయారు.)

ఫరవాలేదమ్మా. తొందరేం లేదు. నాకు రేపు ఆఫీసు లేదు.

(నవ్వులు. అధ్యక్షురాలు మార్కెటింగ్ అధికారి వైపు ఒకసారి చూసి, ‘ఆఖరి రేవు ఇందులోనే ఉంటుంది, బాబాయ్. సోమవారం చదవడం కూడా ఆగదు. విడుదల కాస్త ఆలస్యమైతే తిట్లు నేను తింటాను’ అన్నారు. చప్పట్లు.)

విన్నారా? ‘ఇందులోనే’. ఇదీ ఒక ‘నే’నే. నిట్టూర్పులేని ‘నే’. దీని కోసమే నిలబడ్డాను.

అందరికీ కృతజ్ఞతలు. నన్ను తిట్టించిన పెద్దాయనకి, తిట్టిన ఆటగాళ్ళకి, ఆ తిట్లన్నీ ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ విన్న మా ఆవిడకి మరీ మరీ. రేపట్నుంచి నేనూ ఒక ఆటగాణ్ణే. ఆట విడుదలైన రోజు పొద్దున్నే కొని, పడవ రేవు చేరేదాకా ఆడి, ఎలా ఉందో రాసి పంపుతాను. ఎవరు చదువుతారో గాని, గొంతెత్తి చదవండి.

ఉంటాను మరి. సెలవు.