మసేనమ్మ గొంతు పోయిన సంగతి

మసేనమ్మని ఒకావిడుందండి, సముద్రం ఒడ్డు ఊరు ఆవిడది. గంపలో ఎండుచేపలెట్టుకుని మా ఊరొచ్చేది. ఏమైందంటే, ఒక తుపానులో ఆవిడిల్లు సముద్రం లాక్కుపోయింది. గోడలు, పొయ్యి, పెరట్లో కొబ్బరిచెట్టు, మొత్తం. వెనక్కి జరిగి ఇంకోటి కట్టుకుందంట, అదీ పోయిందంట. ఎందుకిలా అవుతందని, ఒడ్డు చూడ్డానికొచ్చిన ఒక టీచరమ్మని అడిగితే, “బొగ్గూ పెట్రోలూ గడ్డీగాదం కాల్చి కాల్చి భూమి వేడెక్కిపోతందమ్మా, ఎక్కడో మంచు కరిగి సముద్రం పెరుగుతంది, తుపాన్లకి బలమొస్తంది” అని చెప్పిందంట.

ఇంకంతే, గంప దించిన ప్రతి గుమ్మంలోనూ అదే మాట. చేపలు తూస్తా చెప్పేది, గంప నెత్తికెత్తుకుంటా చెప్పేది. చేలల్లో గడ్డి తగలెట్టకండమ్మా, మా ఊరు మునుగుతంది, రేపు మీ మీదకీ వస్తది అని. వింటారా? మావోళ్ళ సంగతి మీకు తెలుసు కదా. మా పెదనాన్న సత్తిరాజు, “నా చేలో గడ్డికీ మీ సముద్రానికీ చుట్టరికమేంటే?” అని పగలబడి నవ్వేడు. నవ్వి, ఆవిడ చూస్తుండగానే నిప్పెట్టేడు. రాన్రాను ఆవిడ కేక వినబడితే ఆడాళ్ళు తలుపులేసుకునేవారు. చేపలు మళ్ళీ మోసుకెళ్ళిపోయేది. “చేపలమ్ముకోవే అమ్మా, నీకెందుకే లోకం గోల?” అని కూతురు తిట్టేదంట. “అమ్ముదామనే వెళ్తానే, గుమ్మం చూసేసరికి మనిల్లు గుర్తొస్తది” అనేదంట. చెప్పి చెప్పి గొంతు పోయింది. ఆఖరికి మానేసింది. వచ్చేది, చేపలిచ్చేది, పోయేది.

అలా ఉండగా ఒక ఏడు తుపానొచ్చి, మా కాలవలోకి ఉప్పునీళ్ళు ఎగదన్నేయి. నాట్లు ఊడ్చిన వరిచేలన్నీ ఎర్రబారి చచ్చిపోయేయి. పెదనాన్న గట్టు మీద కూలబడిపోయేడు. ఆ దార్నే ఈవిడొస్తంటే, “మసేనమ్మా, అప్పుడేదో చెప్పేదానివి, మళ్ళీ చెప్పు” అన్నాడు. ఆవిడ ఆగింది. “ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు బాబూ. ఇప్పుడు నాకు ఓపిక లేదు” అంది. అని, వెళ్ళిపోయిందనుకున్నారా? గంప దించింది. గట్టు మీద కూచుని, ఆ పోయిన గొంతుతోనే మొదట్నించీ చెప్పింది. వినబడక మేమంతా దగ్గరకి జరిగి జరిగి కూచున్నాం.

తర్వాతా? పెదనాన్న గడ్డి కాల్చడం మానేసి చేలోనే కలిపి దున్నుతున్నాడు. ఊళ్ళో సగం మంది మానేసేరు. మిగతా సగం వచ్చే ఏడు మానేస్తారంట, సరే అనుకోండి. సముద్రం ఆగిందా అంటే, ఆగలేదండి. ఆవిడ మూడో ఇల్లూ మొన్న పోయింది. ఇప్పుడు పెదనాన్న వేయించిన పాకలో, మా ఊళ్ళోనే ఉంటంది. ఎవరో ఒకళ్ళు వెళ్ళి చెప్పమంటారు. “ఇంక మీరు చెప్పండర్రా, నన్ను కాసేపు పడుకోనియ్యండి” అంటది. అందుకే నేను చెప్తన్నాను. లేపోతే నాకు మాత్రం పనుల్లేవా?