పరదేశి బిడ్డ పేరున్న గల్లీ

గోదావరిఖనిలో తమ గల్లీకి ఒక పరదేశి విలేకరి పేరుతో బోర్డు పెట్టినందుకు కొడుకును ఠాణాకు రమ్మన్నారు. అతను తిరిగొచ్చేదాకా ముసలమ్మ గడప మీదినుంచి లేవలేదు.

“కొట్టిండ్రా కొడుకా?”

“లేదే అవ్వా. ఈమె అన్నలల్ల మనిషా అని అడిగిండ్రు. బోర్డు యూనియన్ ఆఫీసుల మిగిలిన ఎర్రరంగుతోని రాస్తిమి గదా!”

“నువ్వేమన్నవ్?”

“పరదేశంల పేపరుకు నిజాలు రాస్తె కాల్చి చంపిండ్రు, గందుకే ఆమె పేరు వెట్టినమన్న.”

“అయ్యో, గట్లనే చెప్పినవా!”

“ఛాయ్ తాపి, నీలిరంగు ఎయ్యుమని పంపిండ్రు.”

ముసలమ్మకు అప్పుడు ఊపిరాడింది.

“మీ నాయిన గిట్లనే పోయి మల్ల రాలే బిడ్డా.”

“నేనొచ్చిన గదనే.”

“ఆ పిల్లకు తల్లున్నదా?”

“ఉన్నదట.”

“రంగేసినంక ఫోటో దించి పంపుండ్రి. బిడ్డ పేరు ఈడ రోజూ పిలుస్తున్నరని ఆమెకు తెల్వాలె.”