సర్వేవాళ్లకు చెప్పిన పేరు

ఇంటి ముందు చింతపండులో గింజలు తీస్తూ తల్లీకూతుళ్లు పొద్దుటి నుంచి వాదించుకుంటూనే ఉన్నారు.

"కాలేజీ సీటుకు మన ఇంటి సంగతులెందుకే?"

"నా బతుకు గురించి వ్యాసం రాయమన్నరమ్మా. అన్నను పోలీసోళ్లు క్యాంపుకు తీస్కపోయిన సంగతి రాస్తే సీటు పక్కా అన్నడు మా సార్."

"ఆ సార్ ఏ ఊరోడు? ఎవరి మనిషి?"

"నీకు అందరూ ఎవరో ఒకరి మనుషులే!"

"వాడు తిరిగొచ్చి ఇప్పుడిప్పుడే కంటినిండ నిద్రపోతున్నడు. ఆ కాయితం ఎవరి చేతిల పడ్తదో నీకు ఎరికేనా?"

"పోనీ, ఇప్పపూల మీద రాస్త."

"ఫారెస్టోళ్లు చదివితే?"

"కోళ్ల మీద రాయనా? కోళ్లు కూడా భయపడ్తయా?"

"నవ్వకు. నీ చిన్నప్పుడు సర్వేకొచ్చినోళ్లు గూడ నవ్వుకుంటనే అడిగిండ్రు. పిల్ల పేరేందంటే నోటికొచ్చిన పేరు చెప్పిన."

"ఆధార్‌ల అదే ఎక్కె. బడిల సుజాత అని హాజిరి పిలిస్తే, ఎవరినో అనుకొని పలకకుండ కూసున్న."

తల్లికి నవ్వాగలేదు. "నీ అసలు పేరు బుద్రి అని చెప్తే నిన్ను పట్టుకపోతరనుకున్న బిడ్డా."

"ఇదే రాయనా?"

"ఏంది, నా భయమా?"

"నా రెండు పేర్లు."

తల్లి తీసిన గింజలను చాటలోకి ఎత్తి, చింతపండును ముద్దగా చుట్టింది.

సాయంత్రం నాన్న, అన్న సంత నుంచి వచ్చాక, అందరూ జావ తాగుతుంటే కూతురు మెల్లగా చెప్పింది.

"అన్న గురించి రాస్తలేను. అమ్మ పెట్టిన దొంగపేరు గురించి రాస్తున్న."

"ఊరి పేరు మాత్రం రాయది," అంది తల్లి.