మా ఆవిడ ముక్కండీ

ఏవిటే అమ్మాయ్, కాఫీ ఇచ్చి ఎంతసేపయింది, అట్లా గ్లాసు పట్టుకుని కూర్చున్నావు? ఏంటీ, వాసన తెలీట్లేదా? అదా సంగతి. జ్వరం తగ్గి వారమేగా అయింది, వస్తుందిలే సింధూరీ, కంగారుపడకు. సబ్బు వాసన కూడా తెలీట్లేదా? పోనీ తాగు, వేడన్నా తెలుస్తుందిగా. వాళ్ళ తాతకీ ఇట్లాగే పోయిందని మా ఫిన్నీగాడు చెప్పలేదూ నీకు? వాడేం చెబుతాడులే, వాడు పుట్టేనాటికే ఆయన పోయి రెండేళ్ళు. నువ్వీ ఇంటికొచ్చి ఏడాదన్నా కాలేదు, నీకు ఆయనంటే హాల్లో కోటేసుకున్న ఫోటోయే. ఆ కోటు కూడా ఆయనది కాదు, స్టూడియో వాళ్ళది. ఆయన కోటేసుకోగా నేను చూడలేదు. అసలు మనిషి ఎట్లా ఉండేవారో చెబుతా, కూర్చో. ఎట్లాగూ ఫిన్నీ వచ్చేదాకా మనిద్దరికీ పనేముంది.

పేరు లాజరు, అది తెలుసుగా. ఉద్యోగం ఏవిటనుకున్నావు? పైపు కాల్చడం. నవ్వకు, నిజంగా అదే పని. కంకిపాడు దారిలో హేమసుందర్ గారని ఒకాయనకి పైపు పొగాకు తయారుచేసే రేకుల షెడ్డుండేది. ఇప్పుడక్కడ కల్యాణ మండపం కట్టారు, మొన్న ఎవరిదో పెళ్ళికెళ్తే గుర్తు కూడా పట్టలేకపోయాను. ముప్ఫై మంది ఆడవాళ్ళు కూర్చుని ఆకుల్లోంచి ఈనెలు తీసేవాళ్ళు, నలుగురు మగవాళ్ళు కత్తిరించేవాళ్ళు. ఏ ఆకు ఎంత కలపాలి, పాకం ఎంత పట్టించాలి, ఎన్నాళ్ళు మగ్గబెట్టాలి, ఇదంతా ఈయన ఒక్కరి చేతిలో. పొద్దున రెండు పైపులు, మధ్యాహ్నం ఒకటి. కాల్చి, కళ్ళు మూసుకుని, ఇంకో వారం ఉండనివ్వండి అంటే హేమసుందర్ గారైనా సరే మారు మాట్లాడేవారు కాదు. వర్జీనియా ఆకు ముప్పాతిక పైన, ఘాటుకి లంకాకు చిటికెడు, ఉయ్యూరు నుంచి తెప్పించిన చెరుకు పాకం, పైన ఏదో ఎసెన్సు నాలుగు చుక్కలు. మిగతాది నాకు చెప్పలేదు, చెప్పినా నాకెందుకు? 'సువాసన పొగాకంటే పక్కింటి వంట వాసనలా ఉండాలి హెలెన్, మనింటి వంట వాసనలా ఉండకూడదు' అనేవారు. ఉందా లేదా అన్నట్టు లేతగా రావాలన్నమాట. ఆకు ముందుండాలి, తీపి దాని వెనకాల నడవాలి. నాలుక కరవకూడదు, గొంతు పట్టకూడదు, సగం కాలాక చేదెక్కకూడదు, పైపు గిన్నె అడుగున చెమ్మ మిగలకూడదు, చుట్ట కంపులా గుడ్డల్ని పట్టుకోకూడదు. ఇన్ని కూడదులు నేను మందిరంలో కూడా వినలేదు.

నాకేమో పొగంటే అసలు పడదు. మా నాన్న చర్చిలో సంఘపెద్ద. పెళ్ళిచూపులకొచ్చి ఈయన, వ్యవసాయ ఉత్పత్తుల కంపెనీలో చేస్తున్నానండీ అన్నారు. మేవు వడ్లనుకున్నాం. ఒడంబడిక ఉంగరం మార్చుకున్నాక తెలిసింది ఆ ఉత్పత్తులేవిటో. నేనూ ఊరుకోలేదులే. పైపు వరండాలోనే, లోపలికొచ్చేముందు నోరు కడుక్కోవాలి, చొక్కా మార్చుకోవాలి. పదేళ్ళు ఒక్కరోజు తప్పలేదు ఆయన. తగూ లేదు, ఎదురు మాటా లేదు. ఇప్పటి మగవాళ్ళు తడి తువ్వాలు మంచం మీద వెయ్యకుండా ఉండలేరు, అవునా కాదా? నువ్వు చెప్పకపోయినా ఫిన్నీ సంగతి నాకు తెలుసు.

సరే, దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటేడు ఈయనకి జ్వరం తగిలింది. పది రోజులు. తగ్గింది, పనిలోకెళ్ళారు, అంతా మామూలే అనుకున్నా. ఓ వేసవి రోజు మా మందిరం స్త్రీల సమాజం మీటింగుకెళ్ళొచ్చేసరికి ఈయన ముందే వచ్చి అన్నం పెట్టుకు తింటున్నారు. ఏం పోసుకుని తింటున్నారనుకున్నావు? ముందురోజు చేపల పులుసు. మాకప్పుడు ఫ్రిజ్జెక్కడిది, అది పాడైపోతే పారబొయ్యాలని పెరటి గుమ్మంలో పెట్టెళ్ళాను. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆ కంపుకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నా. ఈయనేమో వేళ్ళు నాక్కుంటూ, పులుసీవేళ బాగా పులిసింది హెలెన్, అన్నారు. నేను గబగబా వంటింట్లోకెళ్ళి, కళ్ళు మూసుకోండని చెప్పి, కిరసనాయిలు సీసా తెచ్చి ముక్కు కింద పెట్టి, ఏవిటిదీ అన్నాను. రెండుసార్లు గట్టిగా పీల్చారు పాపం. 'కొబ్బరినూనా?' అన్నారు.

చెయ్యి కడుక్కోకుండానే అట్లా గోడకి జారగిలబడి చెప్పారు, నాలుగు నెలలయిందని. రేపొస్తుంది ఎల్లుండొస్తుందని చూస్తూ, పాత పాళ్ళు జ్ఞాపకం మీద కలుపుతూ నెట్టుకొచ్చారట. ఏడుపు రాలేదు ఆయనకి, అదే నాకు బాధ. ఇన్నాళ్ళూ బండి నడిచింది పాత ఆకు కాబట్టి. ఇప్పుడు కొత్త పంట ఆకు దిగింది. ఏ ఏటి ఆకు ఆ ఏటిదే, జ్ఞాపకం పనికిరాదు. తెలిసిపోతే ఉద్యోగం పోతుంది, ఆయనకి ఇంకో పని చేతకాదు. ఒక్క డబ్బా తేడాగా వెళ్తే షెడ్డు పేరు పోతుంది, ఆ ముప్ఫై మంది ఆడవాళ్ళు ఏమవుతారని అదొక దిగులు. నాకు వాళ్ళ దిగులు లేదమ్మా, ఉన్నమాట చెబుతున్నా. నాకు ఆ మనిషి దిగులే. కిరసనాయిల్ని కొబ్బరినూనె అన్నప్పటి మొహం ఉందే, అది చూడలేకపోయాను.

మర్నాటినుంచి పొద్దున టిఫిను క్యారేజీ ఖాళీ గిన్నెల్లో పొగాకు పొట్లాలు తేవడం మొదలుపెట్టారు, నా చేత వాసన చూపించడానికి. నా ముక్కు మంచిదిలే, పక్కవీధిలో ఆవకాయ కలుపుతుంటే మెంతులు తక్కువయ్యాయని చెప్పేదాన్ని. అయితే ఆకు వాసన చూస్తే సరిపోదట. డబ్బాలో ఒక వాసన, నోట్లో ఒకటి, గదిలో ఒకటి. కాలిస్తేగానీ దాని అసలు గుణం బయటపడదట. అది మాత్రం నా వల్ల కాదన్నాను. ఆయన బలవంతపెట్టలేదు, పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నారు. అదిగో, ఆ మడవడం చూసి నేనే పైపు ఇలా ఇవ్వండి అన్నాను. ముందు మోకాళ్ళేసి ప్రార్థన చేశాలే. ప్రభువా, ఇది పొగతాగడం కింద రాసుకోవద్దు, మా ఆయన కళ్ళజోడు పోతే నేను పేపరు చదివిపెట్టినట్టనుకో, అని. మొదటి దమ్ముకే కళ్ళు బైర్లు కమ్మాయి. అదే సమయానికి పెరటి గుమ్మంలో మంగాయమ్మ, బుట్ట నెత్తిన పెట్టుకుని. బందరు నుంచి చేపలు తెచ్చేదిలే, ఎప్పుడూ నోట్లో చుట్ట. నేను చచ్చాననుకున్నా, ఊరంతా చెప్పేస్తుందని. అదేమో బుట్ట దించి తాపీగా, 'మింగమాకండి అమ్మగారూ, నోట్లో తిప్పి వదిలెయ్యండి, వేడి టీ చప్పరించినట్టు' అంది. ఎందుకూ ఏవిటని అడగలేదు. ఎవరికీ చెప్పనూలేదు. చదువుకున్నవాళ్ళలో కూడా అంత మర్యాద చూడలేదమ్మా నేను.

ఇంక రోజూ మధ్యాహ్నం భోజనానికొచ్చినప్పుడు వెనకగదిలో మా పరీక్ష. పైపులో పొగాకు అడుగున వదులుగా, పైన కాస్త బిగువుగా ఆయనే కూరి ఇచ్చేవారు. తొందరపడి లాగితే నాలుక కరుస్తుంది, నెమ్మదిగా లాగితే చల్లగా కాలుతుంది. నాకు వాళ్ళ మాటలేం వచ్చు? వంటింటి మాటలే చెప్పేదాన్ని. మొదట ఎండుగడ్డి వాసన, తర్వాత పాకం అడుగంటబోయే ముందు వచ్చే వాసన, చివర పాత బైబిల్ తెరిచినట్టుంది అనేదాన్ని. ఆయన చిన్న పుస్తకంలో అట్లాగే రాసుకునేవారు. రాసుకుని, 'అడుగంటబోయే పాకం సగానికి ముందే వస్తోందా, తర్వాతా?' అని అడిగేవారు, డాక్టరు అడిగినట్టు. నేను మళ్ళీ వెలిగించి చూసి చెప్పేదాన్ని. నిజం చెప్పనా, మా పెళ్ళయిన పదేళ్ళలో మేవిద్దరం అంతగా మాట్లాడుకుంది అప్పుడే. అంతకుముందు ఏముంది, ఉప్పు సరిపోయిందా, పిల్లాడికి ఫీజు కట్టారా, అంతే.

కాకపోతే ఒక పొరపాటు జరిగింది. నాకు ఘాటు పడదుగా, ప్రతిసారీ ఘాటుగా ఉందనేదాన్ని. ఆయన నా మాట నమ్మి లంకాకు తగ్గిస్తూ పోయారు. తీపి కొంచెం వస్తే హాయిగా ఉందనేదాన్ని, అది నిలబెట్టారు. ఏడాది తిరిగేసరికి ఆ పొగాకు ఆయన చేసింది కాకుండా నేను చేసిందైపోయింది, ఇద్దరికీ తెలీకుండానే. వెలిగిస్తే మా అమ్మ క్రిస్మస్‌కి అరిసెలు వండిన వంటింట్లో ఉన్నట్టుండేది. అదే బాగుండడం అనుకున్నా నేను.

మద్రాసు నుంచి మణికుమార్ గారని, డబ్బాలు కొనే ఆయన దిగాడు ఓరోజు. మీ పొగాకు మారింది, ఎవరు మార్చారు అని. తప్పు పట్టడానిక్కాదుట, ఇంట్లో ఆడవాళ్ళు వరండాలోకి తరమట్లేదని మగవాళ్ళు రెండేసి డబ్బాలు కొంటున్నార్ట. హేమసుందర్ గారు పొంగిపోయి, ఇదిగో మా లాజరూ అని చూపించారు. అయితే సరే, ఈ కొత్త ఆకు చూసి చెప్పండి, మీరు బాగుందంటే సీజనంతా ఇదే తీసుకుందాం, అని ఆయన వెంట తెచ్చిన ఆకు బల్ల మీద పెట్టాడు. ఈయన చేతిలోకి తీసుకున్నారు. రంగు చూశారు, వేళ్ళతో నలిపారు. ఇంక ముక్కు దగ్గర పెట్టుకుని బాగుందంటే అయిపోయేది. అందరూ నమ్మేవాళ్ళే. ఆ తర్వాత ఏవన్నా తేడా వస్తే ఆకు మీద తోసెయ్యచ్చు. ఈయన ఆకు కింద పెట్టేసి, 'నాకు వాసన పోయి ఏడాది దాటిందండీ. మీరు మెచ్చుకుంటున్నది మా ఆవిడ ముక్కండీ' అన్నారుట.

కారు పంపించారమ్మా ఇంటికి. షెడ్డు కారు గుమ్మంలో ఆగితే నేనేమనుకుంటాను? ఆయనకేదో అయిందనుకుని కొంగు కూడా సర్దుకోకుండా ఎక్కేశాను. వెళ్ళి చూస్తే గదిలో అయిదుగురు మగవాళ్ళు, బల్ల మీద పైపు, ఈయన తలొంచుకుని కూర్చున్నారు. హేమసుందర్ గారు లేచి నిలబడి, కూర్చోండమ్మా అని, సంగతి చెప్పి, మీకిష్టమైతేనే అన్నారు. అప్పుడు నేను స్త్రీల సమాజం కార్యదర్శిని. అయిదుగురు పరాయి మగాళ్ళ ముందు పైపు నోట్లో పెట్టుకోవడమా? భూమి చీలితే దూరిపోదును. ఈయనకేసి చూశాను. తలెత్తలేదు. పైపు మాత్రం ఆయన చేతే కూరించాను. వెలిగించి, నాలుగు దమ్ములు లాగి, గుడ్డలు తడారకుండా బీరువాలో పెడితే వచ్చే వాసనొస్తోంది అన్నాను. వానకి తడిసిన ఆకుని ఆరబెట్టి అంటగట్టార్ట ఆ మణికుమార్ గారికెవరో. ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. హేమసుందర్ గారు ఈయన భుజం మీద చెయ్యేసి, నువ్వు కలుపు లాజరూ, అమ్మగారు చెబుతారు, అన్నారు. అంతే, ఉద్యోగం నిలబడింది.

నా సెక్రటరీ పదవి నిలబడలేదులే. ఆదివారం నేను మందిరానికెళ్ళేలోపే కబురెళ్ళింది. అంతా ముక్కున వేలేసుకున్నారు. పాస్టరుగారు మంచాయన, మెల్లగానే చెప్పారు, కొన్నాళ్ళు పక్కన కూర్చోమ్మా అని. ఇంటికొచ్చి ఈయనతో మాట మానేశాను. నిజం చెబితే చెప్పారు, నా పేరెందుకు తియ్యాలి? నా ముక్కంటూ ఊరందరికీ దండోరా వెయ్యాలా? నాలుగు రోజులు వడ్డించడమే, పలకలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, అంత పెద్ద మెప్పు నాకు ఎవరిచ్చారు తర్వాత?

నాలుగోరోజు సాయంత్రం పూలు కట్టుకుంటున్నా వరండాలో. వచ్చి ఎదురుగా కింద కూర్చున్నారు. చేతిలో ఆ పుస్తకం. నా మాటలన్నీ ఉన్నాయిగా దాన్లో, ఎండుగడ్డీ, పాకం, పాత బైబిలూ. పొగాకు సంగతి అడుగుతారనుకున్నా. కొత్త పేజీ తీసి, 'హెలెన్, నువ్వు దగ్గరకొస్తే ఒక వాసనొచ్చేది. అది ఎట్లా ఉండేదో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు. కోపం తర్వాత పడుదువుగాని, ముందు అదొక్కటి చెప్పు, రాసుకుంటాను' అన్నారు.

ఏం చెప్పనే తల్లీ? మన వాసన మనకెట్లా తెలుస్తుంది? పూలన్నాను, కాదన్నారు. సబ్బన్నాను, కాదు అది వేరే, అన్నారు. పెన్సిలు పట్టుకుని అట్లాగే కూర్చున్నారు ఆయన. తర్వాత పదిహేనేళ్ళు బతికారు. వానొస్తే వాన వాసన చెప్పాను, మీ మావగారి తమ్ముడు పుడితే పసిగుడ్డు మాడు వాసన చెప్పాను, ఏదడిగితే అది చెప్పాను. ఆ పేజీ మాత్రం ఖాళీగానే ఉండిపోయింది.

ఊఁ... ఆ కిటికీ తలుపు వెయ్యమ్మా, బెంజ్ సర్కిల్ హారన్లన్నీ మన హాల్లోనే మోగుతున్నాయి.